గండి కొట్టి తెచ్చుకున్న అడవి

ఈమధ్య ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. బోటనీలో ఎమ్మెస్సీ చేసి, తీరం అడవుల పనిలో కొత్తగా చేరిందట. కాఫీ తాగాక, "మేడమ్, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. "బురదలో నడవడం" అన్నాను. హాస్యానికి అన్నాననుకుని నవ్వింది. పాపం, వచ్చే వారం కోడూరు అవతల ఏటి ఒడ్డు దిగితే తనకే తెలుస్తుంది.

ఆ పిల్ల వెళ్ళాక, చెప్పాల్సింది ఇంకా చాలా ఉందనిపించింది. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ బదిలీ ఎలా ఆపించుకున్నానో ఎవరికీ అక్కర్లేదు. నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది ఒక అడవి. అది లేని చోట ఎలా వచ్చిందో కళ్ళారా చూశాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి అదొక్కటి చెబితే చాలనుకుంటున్నాను.

అడుసు తొక్కిన ఉద్యోగం

నేను గుడివాడలో లెక్కల మాస్టారి కూతుర్ని. మా ఇంట్లో అందరివీ కలం పట్టిన బతుకులే. బందరు కోడల్నయ్యాక, తొంభైల మొదట్లో ప్రభుత్వం వాళ్ళ మడ అడవుల ప్రాజెక్టులో బోటనిస్టుగా చేరాను. ఏటి నీళ్ళూ సముద్రపు నీళ్ళూ కలిసే చోట, రోజూ పోటుకి మునిగి పాటుకి తేలే బురదలో పెరిగేది మడ. అక్కడికి చేరడానికి పొద్దున్నే బందరులో బస్సెక్కి అవనిగడ్డ, అక్కణ్ణించి కోడూరు, ఆపైన ఎవరి బండి దొరికితే దాని వెనక, చివరికి కాలినడక. సాయంత్రం మోకాళ్ళ దాకా ఎండిన బురదతో ఇల్లు చేరితే మా అత్తగారు గుమ్మంలోనే ఆపేసేవారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. రోజూ తొక్కి రోజూ కడుక్కునే ఉద్యోగం నీ ఒక్కదానికే దొరికిందే తల్లీ!" అనేవారు. ఆ మాట అంటూనే చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసేవారు కాబట్టి నాకు కోపం వచ్చేది కాదు.

బురదలో నడవడం గురించి చెప్పాలి. చెప్పులు వద్దు. నిలబడితే దిగిపోతాం కాబట్టి నిలబడి ఆలోచించే పని పెట్టుకోవద్దు. కాలు తీసేటప్పుడు ముందు మడమ ఎత్తాలి, లేకపోతే బురద పట్టుకుని వదలదు. ఇవన్నీ పడి నేర్చుకున్నవే. నేను పడినప్పుడల్లా ఏటి ఒడ్డునున్న జాలరి పాలెం ఆడవాళ్ళు పడవల్లో కూర్చుని కడుపుబ్బ నవ్వేవాళ్ళు. నాకు "మడ మేడమ్" అని పేరు కూడా పెట్టారు.

పడ్డా లేచి మళ్ళీ ఎందుకెళ్ళేదాన్నంటే, ఆ చెట్టు అటువంటిది. చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మ చూశాను, పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను. మొదటిసారి ఎదురుగా చూసినప్పుడు నాకేమీ తెలియదని తెలిసింది. చుట్టూ బురదలోంచి వేలెడంత వేళ్ళు వందలకొద్దీ ఆకాశంకేసి పొడుచుకొచ్చి ఉన్నాయి. కింద బురదలో గాలి ఉండదు కదా, అందుకని వేళ్ళనే పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. తాగిన నీళ్ళలో ఉప్పుని ఆకుల మీదకి చెమటలా పోసేస్తుంది. ఇక గింజ సంగతి మరీ విచిత్రం. అన్ని చెట్లూ గింజని నేల మీద పడేసి, నీ అదృష్టం అంటాయి. మడచెట్టు అలా కాదు, కొమ్మ మీద ఉండగానే లోపల మొలకెత్తించి, బిడ్డకి నీళ్ళు పోసి బట్టలు తొడిగి బడికి పంపినట్టు, అన్నీ సిద్ధం చేసి నీళ్ళలోకి వదులుతుంది. ఆ రోజు అక్కడ నిలబడిపోయి తొడల దాకా దిగబడ్డాను. ఇద్దరు పడవవాళ్ళు వచ్చి లాగారు.

మా ఆఫీసరుగారి నాట్లు

నేను చేరేసరికే అక్కడ సగం అడవి లేదు. రొయ్యల జోరు నడుస్తున్న రోజులవి. ఏటి ఒడ్డున మడ నరికి, చుట్టూ ఎత్తుగా గట్లు పోసి, చెరువులు తవ్వారు. కొన్నాళ్ళు అందరి చేతుల్లోనూ డబ్బు ఆడింది. తర్వాత రొయ్యకి తెల్లమచ్చల రోగం వచ్చింది. చెరువుకి చెరువే చచ్చింది. తవ్వినవాళ్ళు మోటార్లు విప్పుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు వదిలేసిన చెరువులు వేసవిలో తెల్లటి ఉప్పు పొరతో మెరిసేవి. గడ్డిపోచ మొలిచేది కాదు. కొంగ కూడా వాలేది కాదు. అంత చచ్చిన నేలని నేను అంతకుముందు చూడలేదు.

ఆ భూమి ప్రభుత్వానిదే కాబట్టి, అక్కడ మళ్ళీ మడ పెంచే పని మాకు అప్పజెప్పారు. మా ఆఫీసరు సత్యనారాయణగారు నందివాడ దగ్గర వరి రైతుల ఇంట్లో పుట్టిన మనిషి. నిజాయితీపరుడు. పని అంటే ప్రాణం పెడతారు. కాకపోతే ఆయన ఒంట్లో రక్తం కన్నా గంజి ఎక్కువ.

"చూడమ్మా విశాలాక్షీ, మడ అయినా వరి అయినా బురదలో పెరిగేదే. నారు పోయడం, నాటడం మనకి ఒకరు చెప్పాలా?" అన్నారు.

చెప్పినట్టే చేశారు. సంచుల్లో నారు పెంచాం. నాట్ల కూలీలను పిలిపించి, తాళ్ళు కట్టి, వరసలు తీసి నాటించాం. ఆ ఆడవాళ్ళు అలవాటు ప్రకారం పాటలు పాడుతూనే నాటారు. అంత లేత మొక్కలు ఉప్పునీళ్ళలో ఏం బతుకుతాయని ఆయనకి జాలేసింది. ఏటి వైపు తూము మూయించి, పంటకాలవ నీళ్ళు పెట్టించారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి యూరియా చల్లిస్తున్నారు. అక్కడున్నవాళ్ళం మేమంతా డెల్టాలో పుట్టినవాళ్ళమే. పైరుకి మంచినీళ్ళు పెట్టి, గట్టు జాగ్రత్తగా చూసుకుంటే ఏదైనా పండుతుందని మాకు ఉగ్గుపాలతో పోశారు. తప్పని ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్ళు పచ్చగానే ఉంది. పై అధికారులు వచ్చి ఫొటోలు దిగారు. ఎండాకాలం రాగానే రివాజు ప్రకారం పంటకాలవలకి నీళ్ళు ఆపేశారు. ఎటూ కదలని నీళ్ళు వేళ్ళ మీదే నిలిచి వేడెక్కి చిక్కబడ్డాయి. కింద ఉప్పు పైకి తేలింది. వరసలు వరసలుగా నాటినవి వరసలు వరసలుగానే ఎండిపోయాయి.

సత్యనారాయణగారు గట్టు మీద చతికిలబడి, ఎండిన మొక్కనొకదాన్ని పీకి వేళ్ళు చూశారు. తర్వాత, "మా నాన్నుంటే, ఒరే, పైరుని చంపినవాడివి నువ్వొక్కడివేరా మనింట్లో అనేవాడు" అన్నారు. ఆయన్ని చూస్తే జాలేసింది. కింద పనిచేసిన మా మీద ఒక్క మాట కూడా నెట్టలేదు. నేను తర్వాత చాలామంది ఆఫీసర్ల దగ్గర చేశాను. మొక్క బతికితే తన ప్రతిభ, చస్తే స్టాఫు నిర్లక్ష్యం అనేవాళ్ళే ఎక్కువ.

పీత బొరియ

మా వైపు చేనిగట్టు మీద నడిచే అలవాటున్న ఎవరికైనా ఒక పని కాళ్ళకే వచ్చేస్తుంది. గట్టులో పీత బొరియ కనిపిస్తే ఆగి, ఇంత మట్టి లాగి, మడమతో తొక్కి పూడ్చేస్తాం. చిన్న బొరియ నిర్లక్ష్యం చేస్తే అదే గండి అవుతుంది. ఎవరి చేనైనా సరే, పూడ్చకుండా దాటిపోయినవాణ్ణి మంచివాడని అనరు. రొయ్యల చెరువుల కాపలావాళ్ళు కూడా అదే పని చేసేవాళ్ళు. చెరువులు చచ్చిపోయి ఏళ్ళయినా ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇంకా పూడుస్తూనే ఉన్నారు.

ఆ వానాకాలం ఒకనాడు అన్నిటికంటే చివరి చెరువు గట్టు మీద నడుస్తున్నాను. అది పాలేనికి దూరం, ఎవరూ వెళ్ళే దారి కాదు. మూలన మండపీత తవ్విన పెద్ద బొరియ కనిపించింది. అలవాటుగా మట్టి లాగి మడమ ఎత్తాను. అప్పుడు చెరువు లోపలి వైపు చూశాను.

బొరియలోంచి పోటునీళ్ళు సన్నగా లోపలికి వస్తున్నాయి. చాలాకాలంగా వస్తున్నట్టున్నాయి, చిన్న బోదె కోసుకుపోయి ఉంది. ఆ బోదె పారినంత మేరా, చాపంత జాగాలో, పచ్చగా మడ మొక్కలు! మేము నాటినవి కావు. ఆ చెరువులో మేం అడుగే పెట్టలేదు. వరసా లేదు, తాడూ లేదు. ఒకచోట గుంపుగా, ఒకచోట ఒంటిగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. చుట్టూ ఎకరాలకొద్దీ తెల్లటి ఉప్పు.

ఎత్తిన కాలు మెల్లగా పక్కన పెట్టాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గులేదు. ఆ నేల చావలేదు. మేమందరం మట్టి తొక్కి దాని ముక్కు మూశాం, అంతే. నీళ్ళు వచ్చి పోయే దారి దొరికిన చోట అడవి తనంతట తాను రావడానికి సిద్ధంగా ఉంది.

మర్నాడు సత్యనారాయణగారిని తీసుకెళ్ళి చూపించాను. పంచె ఎగ్గట్టి గట్టు దిగి, ఆ మొక్కల మధ్య వంగి చాలాసేపు చూశారు.

"అంటే ఇన్నాళ్ళూ మనం చేసిందల్లా అడ్డం పడటమేనంటావా?"

"పాలెం పక్కన మనం నాట్లు వేసిన చెరువుకి, ఏటి వైపు గట్టుకి గండి కొట్టి, లోపల కాలవలు తీస్తే చాలనుకుంటున్నానండీ. గింజలు పోటు మోసుకొస్తుంది."

గండి అన్న మాట వినగానే ఆయన మొహం మారింది. వరి ఇంట్లో ఆ మాట కీడు మాట. కాసేపటికి, "పాలెం వాళ్ళు ఊ అంటే నేను ఉత్తర్వు ఇస్తాను. వాళ్ళు కాదంటే మాత్రం ఒక్క పార కూడా దిగదు. బతికేది వాళ్ళమ్మా, మనం కాదు" అన్నారు.

నాంచారమ్మ వాకిట్లో

ఆ పాలెంలో అందరూ వేటకి పోయే కుటుంబాలే. ఎవరు ఏం చెప్పినా చివరికి నాంచారమ్మ ఏమంటుందో చూసేవాళ్ళు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. పీతలు, చేపలు గంపకెత్తుకుని కోడూరులో అమ్ముకొచ్చేది. డెబ్బై ఏడులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ ఒక చేత్తో మడకొమ్మ పట్టుకుని వేలాడింది. రెండో చేతిలో ఉన్న ఆడపిల్ల జారిపోయింది. ఈ సంగతి ఆవిడ నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఊళ్ళోవాళ్ళు చెప్పారు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చుని పీతల డెక్కలకి తాళ్ళు కడుతోంది. సంగతంతా విని, తల కూడా ఎత్తలేదు.

"గండి కొడతారా? ఉన్న గట్టుకి? అమ్మగారూ, మీకు మతుండే మాట్లాడతన్నారా? మీ గుడివాడలో కాలవ గట్టుకి కొట్టండి చూద్దాం, మిమ్మల్ని అక్కడే పాతేస్తారు."

"ఊరి వైపు గట్టు ముట్టుకోం అత్తా. ఏటి వైపు గట్టుకే."

"ఏటి వైపుది పోతే సముద్రానికీ మాకూ మధ్యన ఒక్క గట్టే మిగులుద్ది. ఇప్పుడు రెండున్నాయి. రెండుంటేనే గాలొచ్చినప్పుడు నాకు కంటి మీద కునుకుండదు."

ఆ గట్లు ఉత్త మట్టి అని, పీతలు ఇప్పటికే జల్లెడ చేశాయని, పెద్ద అల వస్తే ఒక్క పెట్టున కూలుతాయని చెప్పాను. అడవి అయితే అలని ఆపదు గానీ దాని ఊపు విరుస్తుందని చెప్పాను. నాకు తెలిసినంతా చెప్పాను. ఆవిడ పీతని గంపలో పడేసి మొదటిసారి నాకేసి చూసింది.

"సరే. ఆ అడవి మనిషెత్తు ఎదగడానికి ఎన్నాళ్ళు పడుద్ది?"

"నాలుగైదేళ్ళు పట్టొచ్చు."

"ఈలోపల ఉప్పెనొస్తే?"

ఉద్యోగంలో ఎన్నో మీటింగుల్లో ఎంతోమంది పెద్దలకి జవాబులు చెప్పాను గానీ, అంత కష్టమైన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. ఒక పక్క చచ్చిన నేల బతుకుతుంది. ఇంకో పక్క, నేను పొరబడినా, కాలం కలిసిరాకపోయినా, ఈ ఇళ్ళు ఉండవు. "రాదని చెప్పలేను అత్తా. వస్తే ఇప్పటికంటే ఎక్కువ ప్రమాదమే" అన్నాను.

ఆవిడ ఇంకో పీతకి తాడు కట్టి గంపలో వేసింది.

"రొయ్యల చెరువులు తవ్వేటప్పుడు కూడా కోటేసుకుని పెద్దోళ్ళొచ్చారమ్మా. మీకేం భయం లేదు, మీకంతా మంచేనన్నారు. భయం ఉండొచ్చు అన్నోళ్ళు మీరొక్కళ్ళే." పీతల గంప పక్కకి జరిపి లేచింది. "కొట్టండి. కాపోతే పోటు లోపలికొచ్చే రోజు మీరు మా ఇంట్లో ఉండాలి. మీ ఆఫీసరు గారు కూడా. ఏదన్నా అయితే అందరం ఒకేసారి పోదాం."

ఈ మాట మా ఇంట్లో చెబితే మావారు రెండు రోజులు మాట్లాడలేదు. మా అత్తగారు మాత్రం, "వాళ్ళని అక్కడుంచి నువ్వు ఇంట్లో కూర్చోకూడదు, వెళ్ళు" అన్నారు.

పోటు వచ్చిన ఉదయం

గింజలు రాలే కాలం చూసుకున్నాం. పాలెం మగవాళ్ళే పారలు పట్టి లోపల కాలవలు తీశారు. మధ్యలో పెద్దది, దానికి అటూ ఇటూ ఏటవాలుగా చిన్నవి. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. మహాలయ అమావాస్య నాడు పోటు పెద్దది. ముందురోజు పాటులో గట్టు పలచగా కోసి ఉంచి, ఆ తెల్లవారుజామున నీళ్ళు దిగి ఉండగా మిగతా మట్టి తీసేశారు.

ఎండెక్కేసరికి పాలెం మొత్తం ఊరి వైపు గట్టు మీద ఉంది. సామాన్లు మూటలు కట్టి పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. సత్యనారాయణగారు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. "ఎందుకండీ?" అంటే, "పరిగెత్తాల్సొస్తే" అన్నారు. నవ్వాలనుకున్నా నవ్వు రాలేదు. నాంచారమ్మ నా మణికట్టు పట్టుకుని, ఏటికేసి కాకుండా నేలకేసి చూస్తోంది.

ముందు చప్పుడు వినపడింది. బుసబుసమని సన్నటి చప్పుడు. ఎండి నెర్రెలిచ్చిన నేల నీళ్ళు మింగుతుంటే, లోపలున్న గాలి బుడగలుగా బయటకొస్తోంది. నురగ అంచుతో సన్నటి పొరలా నీళ్ళు పెద్ద కాలవలోకి వచ్చాయి. అక్కణ్ణించి ఒక్కో చిన్న కాలవలోకి తిరిగాయి. ఎవరో దగ్గరుండి దారి చూపుతున్నట్టు ఒకటి నిండాక ఇంకోటి. ఉప్పు పొర కరిగి బూడిదరంగుకి తిరిగింది. నీళ్ళు పెరుగుతున్నాయి. మా గట్టు అడుగుకి చేరాయి. గట్టెక్కడం మొదలెట్టాయి. వెనక ఎవరో పిల్లని ఎత్తుకుని ఊళ్ళోకి పరిగెత్తారు. నా మణికట్టులో నాంచారమ్మ గోళ్ళు దిగాయి. నాకు ఆ నిమిషంలో శాస్త్రం గుర్తులేదు, దేవుళ్ళు గుర్తొచ్చారు.

నీళ్ళు ఆగాయి. పెరగలేదు, తగ్గలేదు. ఆ చెరువంతా అద్దంలా అయిపోయి అందులో మబ్బులు కనిపించాయి. తర్వాత గండి దగ్గర నురగ ఇటు నుంచి అటు తిరిగింది. "పాటు మొదలైంది!" అని ఎవరో అరిచారు.

నీళ్ళు దిగిపోయాక చూస్తే, తడి బురద మీద నురగ వదిలిన గీతల వెంబడి మడగింజలు. చెక్కు ఊడి, పచ్చటి బద్దలు విచ్చుకుని, వేలకొద్దీ. ఎక్కడి చెట్లవో, ఎన్ని మైళ్ళు ఈదాయో. మేము సంచుల్లో పెంచిన నారుకి నెలలు పట్టింది. సముద్రం ఒక్క పూటలో చల్లి వెళ్ళింది. సత్యనారాయణగారు చెప్పులు కింద పడేసి బురదకి దణ్ణం పెట్టారు.

ఎవరి తర్వాత ఎవరు

ఆ తర్వాతి ఏళ్ళు నా ఉద్యోగంలో బంగారు కాలం. ముందు పాచి పట్టింది, బురద మీద పచ్చటి జిగట. పాచిని తినడానికి నత్తలొచ్చాయి. తర్వాత ఒక డెక్క పెద్దగా ఎర్రగా ఉండే చిన్న పీతలొచ్చి, పొద్దస్తమానం డెక్కలూపుకుంటూ నేలంతా తవ్వాయి. అవి తవ్విన బొరియల్లోంచి లోపలికి గాలి, నీరు దిగాయి. అంటే మేము ఏళ్ళ తరబడి మడమతో బొరియలు పూడ్చిన పీతజాతే, ఆ నేలని దున్నే రైతు! మొక్కలు మోకాలెత్తు అయ్యేసరికి వాటి కాళ్ళ దగ్గర రొయ్యపిల్లలు, చేపపిల్లలు దాక్కోవడం మొదలెట్టాయి. వాటికోసం కొంగలు. ఒకరోజు తడి బురదలో పిల్లి అడుగులు కనిపించాయి, ఊరి పిల్లివి కావు, పెద్దవి. బావురుపిల్లి తిరుగుతోంది. నీళ్ళలో దిగి చేపలు పట్టుకునే అడవిపిల్లి అది. నేను దాన్ని చూడలేదు. ఆ అడుగుల పక్కన కూర్చుని, ఎవరు పిలిచారు దీన్ని, ఎవరు కబురు పెట్టారు అని ఆశ్చర్యపోయాను. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం పోలేదు.

ఆ చెట్లన్నీ మేమే పెంచామని ఎక్కడైనా రాసి ఉంటే నమ్మకండి. మేము దారి వదిలాం. అన్నిచోట్లా వచ్చిందన్నా నమ్మకండి. ఎత్తుగా ఉన్న ఒక చెరువులోకి పోటు సరిగ్గా ఎక్కలేదు, అక్కడ ఇప్పటికీ ఉప్పునేలలో పాకే ఇలకూర తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు ఆ ఏటి పొడవునా ఉండేదని ముసలివాళ్ళు చెప్పే పొన్న అనే ఇంకో మడజాతి చెట్టు, తనంతట తాను తిరిగిరాలేదు. పోయిన అడవి వేరు, వచ్చిన అడవి వేరు. అందుకే ఉన్నదాన్ని నరకనివ్వకండి. మళ్ళీ తెచ్చుకోవచ్చులే అని నా పేరు చెప్పి ఎవరైనా అంటే, వాళ్ళని నా దగ్గరికి పంపండి.

గాలివాన తర్వాత

చెట్లు మనిషెత్తు దాటిన కొన్నాళ్ళకి పెద్ద తుఫాను దివిసీమ మీదికే వచ్చింది. పాలెం వాళ్ళందరినీ ముందే తుఫాను షెల్టరుకి చేర్చారు. నేను బందరులో కిటికీలు మూసుకుని కూర్చుని ఆ గాలి విన్నాను. గండి కొట్టమన్నది నేను. ఆ ఇళ్ళు ఉన్నాయో లేవో తెలియదు.

దారులు తెరుచుకోగానే సత్యనారాయణగారూ నేనూ బయల్దేరాం. అప్పటికి ఆయన రిటైరైపోయారు, అయినా వచ్చారు. దారి పొడవునా కరెంటు స్తంభాలు పడి ఉన్నాయి. పాలెంలో తాటాకు కప్పులు లేచిపోయాయి. గోడలు నిలబడి ఉన్నాయి. వాకిళ్ళలోకి నీళ్ళొచ్చాయి గానీ అల రాలేదు. ఒక్క మనిషికి కూడా ఏమీ కాలేదు. పక్కనే మేము ముట్టుకోని రొయ్యల చెరువుల గట్లు ఆనవాలు లేకుండా పోయాయి.

నాంచారమ్మ ఏదీ అంటే అడవి వైపు చూపించారు. వెళ్ళేసరికి ఆవిడ బురదలో కూలబడి, గుండెలు బాదుకుంటూ శోకాలు పెడుతోంది. చుట్టూ చూశాను. ఒక్క చెట్టుకి కూడా ఒక్క ఆకు లేదు. అన్నీ మోడులు. కొమ్మలు విరిగి, వేళ్ళ నిండా వలలు, చెక్కలు, విరిగిన పడవ ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఊళ్ళోకి రావాల్సిందంతా అవే పట్టుకున్నాయి.

"చచ్చిపోయినయ్యమ్మా! మమ్మల్ని కాసి అయ్యి చచ్చిపోయినయ్యి! అన్నీ చచ్చిపోయినయ్యి!"

నేను పక్కన కూర్చుని, ఆవిడ చేయి పట్టుకుని దగ్గరున్న మోడు మీద పెట్టాను. "గోటితో గీరు అత్తా" అన్నాను. నాకూ తెలియదు ఏం కనిపిస్తుందో. ఆవిడ ఏడుస్తూనే బొటనవేలి గోటితో బెరడు గీరింది. బూడిదరంగు పైపొర కింద తడిగా, లేతగా, పచ్చగా ఉంది.

ఆవిడ ఏడుపు ఆగింది. ఆ పచ్చటి గీత మీద వేలు పెట్టి చూసింది. లేచి, పక్కనున్న మోడు దగ్గరికి వెళ్ళి గీరింది.

"ఇది బతికే ఉంది."

ఇంకో దాని దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళ దాకా దిగబడుతూ, లేస్తూ, చీర కుచ్చెళ్ళు బురదలో ఈడుస్తూ, ఒక్కోదాన్నీ పట్టుకుని గీరి చూస్తోంది. సత్యనారాయణగారు తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. నేను పిలవబోయి ఊరుకున్నాను. ఆవిడ గొంతు అడవి లోపలి నుంచి, దూరమవుతూ, మాకు వినపడుతూనే ఉంది.

"ఇదీ ఉందమ్మా... ఇదీ ఉంది... ఇదీ ఉంది..."